చిన్నగొంతు వినబడవలెనన్నచో: వసతిగృహములో వైఫై రేడియోల అమరిక

బాలికలు చదువులకై ఊరు విడిచి వసతిగృహములలో నివసించుట నేడు వింత కాదు. పూర్వము తల్లిదండ్రులు పిల్లను చేర్పింపవచ్చినపుడు నీటివసతి యెట్టిది, భోజనమెట్టిది, రాత్రి కాపలా కలదా యని మూడు సంగతులు విచారించెడివారు. ఇప్పుడు నాలుగవది చేరినది. “వైఫై సరిగా వచ్చునా?” అని అడుగని తల్లి లేదు. ఇది విలాసమునకై వేయు ప్రశ్న యని కొందరు పెద్దలు నవ్వుదురు. మా యనుభవమున అది అట్టిది కాదు. పరీక్ష దరఖాస్తు, ఫీజు, పాఠము, ఇంటి క్షేమవార్త, అన్నియు నేడా దారినే వచ్చిపోవుచున్నవి. ఆ దారి సరిగా లేనిచో పిల్ల యెంత యొంటరి యగునో మేము కన్నులార చూచితిమి. ఆ కథను, దానినుండి మేము నేర్చుకొన్న నాలుగు సంగతులను సోదరీమణులకు తెలుపుటయే ఈ వ్యాసము నుద్దేశము.

మేమొక బాలికల వసతిగృహపు నిర్వాహకసంఘమున పనిచేయుచున్నాము. కట్టడము మూడంతస్తులది. ప్రతి యంతస్తునను పొడవైన నడవ, దానికిరుప్రక్కల గదులు. గోడలు పాతకాలపువి, మిక్కిలి మందమైనవి. ఫోను కంపెనీల సిగ్నలు లోపలి గదులకు చేరదు. అందుచేత నడవ పైకప్పునకు వరుసగా పండ్రెండు తెల్లని పెట్టెలు బిగింపించితిమి. వీనినే యాక్సెస్ పాయింట్లందురు. ఇండ్లలో వాడు చిన్న రౌటరు వంటివే గాని, ఇవి ఆఫీసులు, ఆసుపత్రులు, కళాశాలలు మొదలగు సంస్థలకై చేయబడినవి. అన్నియు కలిసి ఒకే చేతిక్రింద పనిచేయగలవు. పగలు బాగుగనే యుండెడిది. రాత్రి తొమ్మిది దాటినదో, ఫిర్యాదులు మొదలగును.

ఆ పిల్లలలో ఒకతె తల్లి కువైట్‌లో ఒక యింట పనిచేయుచున్నది. కడప ప్రాంతమునుండి అట్లు వెళ్ళిన స్త్రీలు మనకు తెలియనివారు కారు. ఇంటిపని ముగిసి ఆమెకు తీరిక చిక్కునది అక్కడి కాలమున ఎనిమిది గంటలకు, మనకప్పుడు పదిన్నర. ఆ యరగంటయే తల్లీకూతుళ్ళకు దక్కిన కాలము. ఊరిలో మేనమామలు ఆ పిల్లకొక సంబంధము చూచి, డిగ్రీ చివరి సంవత్సరము మాన్పించి ముహూర్తము పెట్టుదమని తల్లిని తొందరపెట్టుచుండిరి. కూతురికి చదువు ముగింపవలెనని యున్నది. ఆ మాట తల్లితో చెప్పుటకు నాలుగు రాత్రులు ప్రయత్నించినది.

అయిదవనాడు మాయొద్దకు వచ్చి కంట నీరు పెట్టుకొని యిట్లనెను: “అమ్మ మాట నాకు వినబడుతూనే ఉందండీ. నా మాటే అమ్మకు చేరడం లేదు. నేను పలకడం లేదని, అంటే ఒప్పుకున్నట్టేనని అమ్మ అనుకుంటోంది.”

మౌనము అర్ధాంగీకారమని మనవారి మాట. ఆ పిల్ల మౌనముగా లేదు. ఆమె మాటను మోసికొనిపోవలసినది మోయుటలేదు, అంతియే.

ఇట్టి సమయమున ఎవరైనను చేయుదానినే మేమును చేసితిమి. మరి నాలుగు పెట్టెలు కొని బిగింపించి, అన్నిటి బలమును నిండుగా పెట్టుమని పనివానికి చెప్పితిమి. మరునాడు ఎక్కడ నిలిచినను ఫోనులో గీతలన్నియు నిండుగా కనబడెను. మేము సంతోషించితిమి. రాత్రి కాగా పరిస్థితి మునుపటికంటె అధ్వాన్నమయ్యెను. గీతలు నిండుగా నున్నవి, మాట మాత్రము కదలదు.

తరువాత మిత్రుల సలహాపై ఈ విద్య నేర్చిన ఒక యువతిని పిలిపించితిమి. ఇంజనీరింగు చదివి ఆసుపత్రులలో, కార్యాలయములలో ఇట్టి పనులు చేయుచున్న పిల్ల. ఆమె పగలు రాలేదు. “రద్దీ ఉన్నప్పుడే చూడాలండీ,” అని రాత్రి పదిగంటలకు వచ్చి, చేత చిన్న కంప్యూటరుతో మూడంతస్తులును ఆ కొననుండి ఈ కొనకు నడిచెను. మేమును వెంట నడిచితిమి. ఆమె చెప్పినదానిలో మాకు బోధపడినంత ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆ తెల్లని పెట్టెలో ముఖ్యముగా నుండునవి రేడియోలు. సాధారణముగా రెండు, క్రొత్తవానిలో మూడును ఉండును. మన తాతల యింట పాటలు వినిపించిన రేడియోకును దీనికిని ఒక భేదము కలదు. ఆ కాలపు రేడియో కేంద్రమొక్కటే మాటలాడెడిది, ఊరంతయు వినెడిది. ఇక్కడ ప్రతి ఫోనును మాటలాడును, పెట్టె వానికి బదులు పలుకును. ఒక ఛానెలులో ఒకరు పలుకునపుడు తక్కినవారు ఊరకుండవలయును. అందుకై ప్రతి యుపకరణమును ముందు చెవియొగ్గి, ఆకాశము నిశ్శబ్దముగా నున్నదని తెలిసికొని, కొంచెము తాళి, పిమ్మట మాటలాడును. ఇద్దరొకేసారి పలికినచో రెండు మాటలును చెడును, మరల చెప్పవలసివచ్చును.

ఈ విద్య వెనుక మన దేశీయుడొకడు, ఒక స్త్రీయు ఉన్నారు. 1895లో జగదీశ చంద్ర బోసు కలకత్తాలో తీగ లేకుండ విద్యుత్తరంగములచే దూరముననున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చి చూపెను. 1942లో సినిమా నటి హెడీ లామార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్ కలిసి అమెరికాలో ఒక పేటెంటు పొందిరి. రేడియోచే నడుపబడు టార్పెడోను శత్రువు అడ్డుకొనకుండ, సంకేతము ఒక ఫ్రీక్వెన్సీనుండి మరియొకదానికి గెంతుచుండు ఉపాయమది. 1997లో వెలువడిన వైఫై తొలి ప్రమాణములో అట్టి గెంతుపద్ధతియు ఒకటిగా నుండెను. నేటి వైఫై దానిని విడిచినను, బ్లూటూత్ నేటికిని గెంతుచునే పనిచేయును. వైఫై అను పేరు 1999లో వచ్చినది. మన దేశమున 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లోను, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్ మేరకు 2018లోను ప్రభుత్వము అనుమతించెను.

ఈ రెండు పట్టీల స్వభావము తెలిసినచో సగము విద్య తెలిసినట్లే. 2.4 పట్టీ సన్నని సందు వంటిది. తరంగము దూరము పోవును, గోడలను కొంత మేలుగ దాటును, కాని వెడల్పు మిక్కిలి తక్కువ. దానిలో మనకు 13 ఛానెళ్ళు కనబడును. ఒకదాని నడిమికిని ప్రక్కదాని నడిమికిని ఎడము 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక సంభాషణకు కావలసినదో, సుమారు 20. అనగా పీటలు పదమూడు వేసినారు గాని, ఒకరి మోచేయి ఒకరికి తగులకుండ కూర్చుండుటకు చోటు ముగ్గురికే. ఆ మూడే 1, 6, 11 ఛానెళ్ళు.

మా పెట్టెలు ఎట్లున్నవనుకొన్నారు? ఒకటి 3లో, ఒకటి 4లో, ఒకటి 8లో, ఎవరికి తోచినట్లు వారు కూర్చున్నారు. ఒకే ఛానెలులో రెండు పెట్టెలున్నచో అవి యొకదాని మాటనొకటి గుర్తించి వంతులు వేసికొనును. సగము సగము కలిసిన ఛానెళ్ళలో నున్నచో ఆ గుర్తింపును ఉండదు. పొరుగింటి మాట వట్టి రొదగా చెవిని బడును. ఆ యువతి కాగితముపై మూడంతస్తుల పటము గీసి, ముగ్గుకు రంగులు నింపునట్లు 1, 6, 11 అంకెలను నింపుకొనుచు వచ్చెను. ప్రక్కనున్నదానికి గాని, నేరుగా పైనను క్రిందను ఉన్నదానికి గాని అదే రంగు రాకూడదని నియమము. పదునారు పెట్టెలకు మూడు రంగులు చాలవని వెంటనే తేలినది. అపుడామె మేమూహింపని పని చేసెను. సగము పెట్టెలలో 2.4 రేడియోను పూర్తిగా ఆర్పివేసెను.

“డబ్బు పోసి కొన్నదానిని ఆర్పివేయుటా?” యని మాలో ఒకరనిరి.

“ఆ పెట్టె మూలపడదండీ. అందులోని రెండో రేడియో పనిచేస్తూనే ఉంటుంది,” అని ఆమె నవ్వెను.

రెండవ రేడియో 5 గిగాహెర్ట్జ్ పట్టీలోనిది. ఇది రాజమార్గము వంటిది. గోడలకు త్వరగా లొంగును గాని, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుగల ఛానెళ్ళు ఇరువదికి పైగా దొరకును. పెట్టెలు వచ్చినపుడు ఈ రేడియోలు 80 మెగాహెర్ట్జ్ వెడల్పున పెట్టబడియుండెను. వెడల్పు పెరిగినకొలది ఒక్కనికి వేగము హెచ్చును, నిజమే. కాని ఆ లెక్కన పట్టీ మొత్తమున అయిదారు ఛానెళ్ళకే చోటు. ఒక్కరే యుండు నింట అది తగును. వందలమంది పిల్లలుండు చోట పదిమంది పట్టు చాపను ఒకరికే పరచినట్లు. ఆమె అన్నిటిని 20కి తగ్గించెను. దానితో దగ్గరదగ్గర పెట్టెలకు వేర్వేరు ఛానెళ్ళు దొరకెను.

ఈ పట్టీలోనొక జాగ్రత్త కలదు. దీని నడిమిభాగమును కొన్ని వాతావరణ రాడారులును, ఇతర రాడారులును వాడుకొనును. అచ్చటి ఛానెలును వాడదలచిన పెట్టె మొదట కనీసమొక నిమిషము చెవియొగ్గి వినవలయును. రాడారు ధ్వని వినబడినచో వెంటనే లేచిపోయి, అరగంటవరకు ఆ చోటికి రాకూడదు. అట్లు లేచిపోవునపుడు దానిపై మాటలాడుచున్నవారికి తెగిపోయినట్లు తోచును. అందుకే పెట్టెలో దేశము పేరు సరిగా వ్రాయవలెనని ఆమె నొక్కి చెప్పెను. ఏ ఛానెలు, ఎంత బలము న్యాయమో దేశమును బట్టి మారును. మా పెట్టెలలో కొన్నింట వేరు దేశము పేరుండెను; దిద్దితిమి.

ఇక అసలు రోగమునకు వత్తము. మేము బలమును నిండుగా పెట్టితిమి గదా! ఆ నిండు బలము మా పెట్టెలలో 100 మిల్లీవాట్లు. ఇంజనీర్ల లెక్కలో దానిని 20 డీబీఎం అందురు. ఆ లెక్కలో మూడు తగ్గినచో బలము సగమగును: 17 అనగా 50 మిల్లీవాట్లు, 14 అనగా 25, 11 అనగా సుమారు పండ్రెండున్నర. పిల్ల చేతిలోని ఫోను చిన్న బ్యాటరీతో బ్రతుకునది. దాని గొంతు సాధారణముగా పెట్టె గొంతుకంటె చాల చిన్నది. పెట్టె నిండు గొంతుతో అరచినచో నడవ కొననున్న గదికిని వినబడును. ఫోను దానిని విని, గీతలన్నియు నింపి, ఆ పెట్టెనే పట్టుకొని వ్రేలాడును. దగ్గరనే మరియొక పెట్టె యున్నను వదలదు. ఏ పెట్టెను పట్టుకొనవలెనో నిర్ణయించునది ముఖ్యముగా ఫోనే గాని పెట్టె కాదు. అది బదులు పలుకబోవునపుడు దాని చిన్నగొంతు రెండు మందపు గోడలు దాటి, తక్కిన పెట్టెల అరపులలో బడి, చేరవలసిన చోటికి చేరదు.

ఆ మాట విన్నంతనే మాకు ఆ పిల్ల చెప్పినది గుర్తుకు వచ్చెను. అమ్మ మాట నాకు వినబడుచున్నది, నా మాట అమ్మకు చేరుటలేదు. మేము పెట్టెల గొంతు పెంచితిమి, చెవిని పెంచలేదు. పెంచినకొలది ఆ చిన్నగొంతు మరింత మునిగిపోయినది.

ఆ యువతి 2.4 రేడియోలను 11కు దించెను. 5 రేడియోలను 17 వద్ద నిలిపెను. ఈ రెంటికిని ఎడము ఎందుకన, ఫోనులు విశాలమైన పట్టీనే మేలుగ నెంచి అందులోనికి పోవుటకు. నడవలోని పెట్టెలలో నాలుగింటిని ఊడదీసి కొనగదులలోనికి మార్పించెను. నడవలో పెట్టెలు వరుసగా నున్నచో అడ్డుగోడ లేక అవి యొకదాని మాటనొకటి వినుచుండును గాని, గదిలోని పిల్లకు మాత్రము గోడ అడ్డు. గదిలోనున్నచో అదే మందపు గోడ మనకు మేలు చేయును. ఒకదాని రొద మరియొకదానికి పోనీయదు.

ఇంకను రెండు చిన్న దోషములు కనిపెట్టెను. మొదటిది, పేర్లు. విద్యార్థినులకొక పేరు, ఉపాధ్యాయులకొకటి, ఆఫీసునకొకటి, అతిథులకొకటి, కెమెరాలకొకటి, ఇట్లు ఏడు పేర్లతో వైఫై నడుపుచుంటిమి. ప్రతి రేడియోయు ప్రతి పేరును సెకనుకు సుమారు పదిసార్లు చాటుచుండునట. 2.4 పట్టీలో ఆ చాటింపును మిక్కిలి నిదానమైన 1 మెగాబిట్ వేగమున చేయునట. ఊరిలో దండోరాయే దినమంతయు సాగినచో సంతలో బేరమెట్లు సాగును? పేర్లను మూడింటికి తగ్గించి, కనీసవేగమును 12 మెగాబిట్లకు పెంచెను. ఇందువలన దూరపు పెట్టెను పట్టుకొని ఈడ్చుకొనువారును తగ్గుదురు. ఆఫీసులోని మిక్కిలి పాత ప్రింటరొకటి మాత్రము ఇక కలియననెను. దానికి తీగ తగిలించితిమి.

రెండవది మా వంటయింటిది. పాలు కాచు మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.45 గిగాహెర్ట్జ్ ప్రాంతముననే పనిచేయును. దాని తలుపు సందులనుండి బయటపడు స్వల్పమైన తరంగమే ప్రక్కనున్న పెట్టెకు పెద్ద రొద. రాత్రి తొమ్మిది దాటినపిమ్మట పిల్లలు పాలు వేడిచేసికొను వేళయు, ఆ వైపు గదులలో మాట తెగు వేళయు ఒకటేయని అపుడు తెలిసినది. ఆ పెట్టెలో 2.4 ఆర్పివేయుటతో ఆ బాధ తీరెను.

ఈ యమరికలన్నియు ఒక్కొక్క పెట్టెకు చేత చేయనక్కరలేదు. అన్నిటికి పైనుండు కంట్రోలరు తానే ఛానెళ్ళను, బలమును ఎన్నుకొనగలదు. కాని దానికిని హద్దులు గీయవలయును. ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు, మార్పులు తెల్లవారుజామున చేయవలెను గాని రాత్రి పదింటికి చేయరాదు అని చెప్పి యుంచవలెను. హద్దు చెప్పని పనివాడు ఎంత నేర్పరియైనను యజమానురాలి మనసు నెరుగలేడు.

మూడు రాత్రులు పట్టినది పని. నాలుగవ రాత్రి పదిన్నరకు మేము నడవలో నిలిచియుంటిమి. ఆ పిల్ల ఫోనులో గీతలు మునుపటివలె నిండుగా లేవు, ఒకటి తక్కువ. అది చూచి మా గుండె జారినది. ఇంతలో గదిలోనుండి ఆమె గొంతు వినబడెను. మొదట మెల్లగా, పిమ్మట తడబడక. నడుమ తల్లి ఏదో అడుగుటయు, కూతురు బదులిచ్చుటయు. వినకూడని మాటలని మేము తొలగిపోతిమి. మరునాడు ఆ పిల్ల వచ్చి, “పరీక్షలయ్యేదాకా ఎవరూ ఆ మాట ఎత్తకూడదని అమ్మ మామయ్యలకు చెప్పిందండీ,” అని మాత్రము చెప్పి తరగతికి పోయెను. సంబంధము మంచిదో కాదో మాకు తెలియదు. ఆ సంగతి తేల్చుకొనవలసినవారు తేల్చుకొందురు. ఆ పిల్ల మాట కూడ లెక్కలోనికి వచ్చినది, మాకంతే చాలును.

బడులు, ఆసుపత్రులు, వసతిగృహములు, అపార్టుమెంటు సంఘములు నడుపు సోదరీమణులు చాలమంది కలరు. ఇది మగవారి యంత్రవిద్య యని, మనకు బోధపడదని తలంచి పనివాడు చెప్పిన బిల్లుపై సంతకము చేయుట మాని, నాలుగు ప్రశ్నలు అడుగుడని మా మనవి. 2.4 పట్టీలో మన పెట్టెలు 1, 6, 11లలోనే యున్నవా? 5 పట్టీలో వెడల్పు ఎంత పెట్టినారు, జనమునకు తగినట్లున్నదా? బలము ఎంత, ఫోను గొంతును తలచి పెట్టినారా? ఎన్ని పేర్లు చాటుచున్నారు, అన్నియు అవసరమా? వీనికి బదులు చెప్పలేనివాడు “ఇంకొక పెట్టె కొనుడు” అన్నచో తొందరపడకుడు. మేము కొన్న నాలుగు పెట్టెలును కొనకయే మాకీ సౌఖ్యము చాలవరకు దక్కియుండెడిదని ఆ యువతి మొగమోటమి లేకుండ చెప్పెను.

ఇంటిలోనైనను ఇదే తీరు. రౌటరును టీవీ వెనుకనో, ఇనుప బీరువాపైనో దాచక, నలుగురు తిరుగు నడిమి గదిలో కొంచెము ఎత్తున పెట్టుడు. వంటింటి పొయ్యికి దూరముగ నుంచుడు. పిల్లల పాఠమునకు, వీడియో మాటలకు 5 పట్టీని వాడుడు.

పెద్ద కుటుంబము నడిపిన మన యమ్మమ్మలకు ఈ విద్య చెప్పనక్కరలేదు. ఇంటి పెద్ద గొంతెత్తినంతమాత్రమున ఇల్లు చక్కబడదు. పెద్దలు కొంచెము తగ్గి, ఎవరి వంతు వారికి వచ్చునట్లు చూచినపుడే మూలగదిలోని చిన్నకోడలి మాట వినబడును. పైకప్పునకు వ్రేలాడు తెల్లపెట్టెకును ఆ ధర్మమే వర్తించుట చూచి మేమాశ్చర్యపడితిమి.